మూడు ఇంటిభాషల పిల్లలు, ఒక టీవీ, ఇద్దరు టీచర్లు: కొత్త టీచరు ఏ నమ్మకంతో మొదలెట్టాలి?

గురుమా_కాశీనగర్ అడిగారు:

అందరికీ నమస్కారం. ఒడిశా గజపతి జిల్లాలో ఒడియా మీడియం ప్రాథమిక పాఠశాల. 1 నుంచి 5 తరగతులు, 52 మంది పిల్లలు, నాతో కలిపి ఇద్దరం టీచర్లం. 43 అంగుళాల స్మార్ట్ టీవీ ఒకటి, టాబ్లెట్ ఒకటి, ఇన్వర్టర్ ఒకటి ఉన్నాయి. కరెంటు మధ్యాహ్నం ఎక్కువగా పోతుంది. ఫోన్ సిగ్నల్ కిటికీ పక్కన నిలబడితే ఒక గీత. పిల్లల్లో 31 మంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, 14 మంది ఒడియా, 7 గురు సవర.

కొత్తగా చేరినవాళ్లు "బోధనపై నా నమ్మకాలు, తరగతిలో సాంకేతికత" అని ఒక పేజీ రాసివ్వాలట. నేను రాసుకున్నవి ఇవీ:

ఒకటి, పిల్లలు చేస్తూ నేర్చుకుంటారు. రెండు, ఇంటిభాష మెట్టులాంటిది, దాని మీద కాలు పెట్టే బడిభాషకి ఎక్కాలి. మూడు, వీడియో చూపిస్తే శ్రద్ధ పెరుగుతుంది, శ్రద్ధ ఉంటే పాఠం ఎక్కుతుంది. నాలుగు, టెక్నాలజీ అందరు పిల్లల్నీ ఒకే మెట్టు మీదకి తెస్తుంది.

చదువుకుంటుంటే నాకే ఇవి ట్రైనింగ్ పుస్తకంలోంచి దింపినట్టున్నాయి. వీటిలో నిలబడేవేవి? టీవీని రోజూ ఎంతసేపు, ఎలా వాడాలి? తరగతిలో తెలుగులో చెప్తే తప్పా? ఒడియా రాదనుకుంటారేమోనని భయం. ఉపన్యాసం వద్దు, రేపు పొద్దున్న చెయ్యగలిగింది చెప్పండి.

---

మహేంద్రతనయ:

అమ్మా, ముందు ఆ పేజీ సంగతి. నమ్మకం రాయడం తేలిక, దానికి పరీక్ష పెట్టడమే కష్టం. ఒక్కో వాక్యం పక్కన ఇలా రాసుకోండి: "ఇది నిజంగా నా నమ్మకమైతే మంగళవారం పదిన్నరకి నా తరగతిలోకి వచ్చినవాళ్లకి కంటికి ఏం కనబడాలి?" జవాబు దొరకని వాక్యం కొట్టెయ్యండి.

ట్రైనింగ్ పుస్తకంలోంచి దింపినట్టుందన్నారు కదా. నిజానికి పుస్తకంలోంచి వచ్చినవి పై పొరే. అడుగున ఉండే నమ్మకాలు మనం బడిపిల్లలుగా బెంచీ మీద కూచుని చూసినవి. డాన్ లోర్టీ అనే అమెరికన్ సామాజికశాస్త్రవేత్త 1975లోనే ఈ మాట అన్నాడు: టీచరుగా చేరేవాడు అప్పటికే వేల గంటలు టీచర్లను చూసి ఉంటాడు, కాని చూసింది బల్లకి ఇవతల నుంచి. టీచరు ఏం చేశాడో తెలుసు, ఎందుకు చేశాడో తెలియదు. అందుకే ఒత్తిడి రాగానే, అంటే తనిఖీకి ఎవరో వచ్చినా, సిలబస్ వెనకబడినా, చెయ్యి దానంతటదే బోర్డు మీద రాసి "చూసి రాసుకోండి" అనేస్తుంది. "చేస్తూ నేర్చుకుంటారు" అన్నది కాగితం మీదే మిగులుతుంది. టీవీ వచ్చినా ఇదే కథ. చూసి రాసుకోవడం పోయి చూసి ఊరుకోవడం వస్తుంది, అంతే.

ఇప్పుడు మీ నాలుగూ.

మొదటిది ఉంచండి, కాని "చేస్తూ" అంటే ఏం చేస్తూ? చేతులు కదలడం కాదు. పుల్లలు కట్టలు కట్టిన పిల్లాడు 34లో మూడు అంటే ఎంత అని అడిగితే 30 అని చెప్పగలగాలి. చెప్పలేకపోతే వాడు పుల్లలు కట్టాడు, లెక్క చెయ్యలేదు.

రెండోది మీ పేజీ మొత్తంలో గట్టి వాక్యం. తెలుగులో చెప్తే తప్పా అన్నారు. 2020 జాతీయ విద్యావిధానమే వీలైనచోట కనీసం అయిదో తరగతి దాకా ఇంటిభాషలో బోధన ఉండాలంటుంది. కాబట్టి భయం అక్కర్లేదు. కాని పద్ధతి కావాలి. ఒకే వాక్యంలో సగం ఒడియా, సగం తెలుగు కలిపితే పిల్లాడు తెలుగు సగమే విని రెండోది వదిలేస్తాడు. తేలిక దారి ఉండగా కష్టమైన దారి ఎవరు పడతారు? విషయం మొదటిసారి తెలుగులో చెప్పండి, ఆపండి. తర్వాత అదే విషయం ఒడియాలో, చిన్న వాక్యాల్లో, వస్తువు చూపిస్తూ. మళ్లీ తెలుగులోకి రావద్దు. పిల్లలు జవాబు ఏ భాషలో చెప్పినా తీసుకోండి, మీరు దాన్ని ఒడియాలో ఒకసారి పూర్తి వాక్యంగా తిరిగి అనండి.

మూడోది తప్పు. గట్టిగానే చెప్తున్నాను. కదిలే బొమ్మ ఎవరి కళ్లనైనా లాగుతుంది, కన్ను అతుక్కున్నంత మాత్రాన మనసులో ఏదో తయారైనట్టు కాదు. మూడు నిమిషాల వీడియో ఏకబిగిన నడిపి "అర్థమైందా?" అంటే 52 గొంతులూ "హఁ" అంటాయి. ఆ కోరస్ నుంచి మీకు తెలిసేది ఏమీ లేదు. దానికి బదులు ఇలా:

ముందురోజు వీడియో మీరొక్కరే చూసి, ఆపాల్సిన మూడు చోట్లు నిమిషం, సెకనుతో చీటీ మీద రాసుకోండి. తరగతిలో ముందు నాలుగైదు మాటలు నిజం వస్తువులతో చెప్పండి. విత్తనం పాఠమైతే సెనగలు, చింతగింజలు చేతిలో పెట్టండి. తర్వాత మొదటి 40 సెకన్లు శబ్దం తీసేసి నడపండి, ఆపండి, ఏం చూశారో ఇంటిభాషలో చెప్పనివ్వండి. ఇప్పుడు శబ్దం పెట్టి మొదటినుంచి. రాసుకున్న చోట ఆపి, జతల్లో ఒక నిమిషం మాట్లాడుకోమనండి: "ఇప్పుడేం అవుతుంది?" మూడో ఆగింపు తర్వాత టీవీ తెర ఆపెయ్యండి. పాజ్ చాలదు, తెర నల్లగా ఉండాలి. బొమ్మ నిలిచి ఉన్నంతసేపు కళ్లు అటే ఉంటాయి. అప్పుడు పలక మీద బొమ్మ వేసి ఒక మాట రాయమనండి, "పలకలు పైకి" అనండి. 20 పలకలు ఒక్కచూపులో కనబడతాయి. ఎవరికి రాలేదో అక్కడే తెలిసిపోతుంది. మూడు నిమిషాల వీడియోకి మొత్తం 15 నిమిషాలు పడుతుంది. అంత సమయం లేదనుకుంటే ఆ రోజు టీవీ పెట్టకండి.

నాలుగోది తర్వాతవాళ్లు చూసుకుంటారు.

---

ప్రాణహిత_ఒడ్డు:

మహారాష్ట్ర సిరొంచ వైపు నుంచి. మాది మరాఠీ మీడియం జిల్లా పరిషత్ బడుల లోకం, పిల్లలు తెలుగు, గోండీ. మీ బాధ మా బాధే, లిపి ఒక్కటే వేరు. రెండో పాయింటుకి నాలుగు కాయితాలు చేర్చగలను గాని, లెక్కల ముక్క ఒక్కటి చెప్తాను. దీన్ని ఎవరూ పట్టించుకోరు.

తెలుగులో ఇరవై మూడు అంటాం. ముందు పదులు, తర్వాత ఒకట్లు. రాసేది కూడా అదే వరస: 2, 3. మరాఠీలో "తేవీస్", అంటే మూడు ముందు వినిపిస్తుంది, ఇరవై వెనక. ఒడియాలో కూడా "తేఇశి", అదే తంతు. తెలుగు పిల్లాడు చెవికి తగిలిన వరసలో రాస్తే 32 వస్తుంది. టీచరు "అంకెలు తిరగేశాడు, వీడికి లెక్కలు రావు" అని రాసేస్తుంది. వాడికి లెక్క వచ్చు, బడిభాషలో సంఖ్య పేరు రాదు. రెండూ వేరు వేరు రోగాలు, మందు కూడా వేరు.

ఇంకా ముదిరిన చోటు 29, 39, 49. మరాఠీలో 29 "ఎకోణ్‌తీస్", అంటే ముప్పైకి ఒకటి తక్కువ. ఒడియాలో "ఒణొతిరిశి". పిల్లాడి చెవికి దొరికేది చివరి "తీస్", "తిరిశి". వెంటనే ముప్పైల్లోకి వెళ్లిపోతాడు, 39 రాస్తాడు. డిక్టేషన్‌లో 29కి బదులు 39 కనబడితే అజాగ్రత్త అనుకోకండి, అది చాలా తర్కంగా చేసిన తప్పు.

ఈ గొడవ మహారాష్ట్రలో ప్రభుత్వం దాకా వెళ్లింది. 2019లో అక్కడి పాఠ్యపుస్తకాల సంస్థ బాలభారతి రెండో తరగతి లెక్కల పుస్తకంలో "తేవీస్" పక్కన "వీస్ తీన్" అనే పద్ధతి పెట్టారు, అంటే మన ఇరవై మూడు లాగే. భాషను పాడుచేస్తున్నారని పెద్ద రభస అయ్యింది. భాష సంగతి నాకెందుకు గాని, తెలుగు పిల్లలకి మాత్రం అది దేవుడిచ్చిన నిచ్చెన.

చెయ్యాల్సింది: చీపురు పుల్లలు. నలుగురికి ఒక సెట్టు, పదేసి పుల్లల కట్టలు 9, విడివి 20, అంటే 110 పుల్లలు. కట్టలు మీరు కట్టి ఇవ్వకండి. పిల్లలే లెక్కపెట్టి రబ్బరుబ్యాండు వేయాలి, తీసివేతలో వాళ్లే విప్పాలి. ముందే అతికించిన ప్లాస్టిక్ పదులు ఇస్తే పది విప్పితే పది ఒకట్లు వస్తాయన్నది చేతికి తెలియదు, అప్పు తెచ్చుకోవడం దగ్గర బండి ఆగిపోతుంది. సంఖ్య ముందు తెలుగులో అనాలి, పుల్లలు పేర్చాలి, అంకెల్లో రాయాలి, చివర బడిభాష పేరు వినాలి. ఈ చివరి మెట్టు దగ్గరే మీ ఫోన్ పనికొస్తుంది. ఒడియా బాగా వచ్చిన పెద్ద పిల్లతో 11 నుంచి 99 దాకా పేర్లు వరస తప్పించి, ఒక్కోదానికీ మధ్య పుల్లలు ఎత్తేంత ఖాళీ ఉంచి రికార్డు చేయించండి. రోజూ 10 సంఖ్యలు, అయిదు నిమిషాలు. పేరు వినబడగానే పుల్లలు ఎత్తాలి, రాయడం తర్వాత. ఖాళీ తక్కువైతే గబగబా ఎత్తే నలుగురే ఆడతారు, మిగతావాళ్లు పక్కవాడి చేతిలోకి చూస్తారు.

దేవనాగరి అంకెల్లో 1 మన 9 లా ఉంటుంది, 6 మన 3ని అద్దంలో చూసినట్టుంటుంది. ఒడియా అంకెల్లో కూడా ఇలాంటి జతలు మీరే వెతికి, గోడ మీద పక్కపక్కనే పెట్టండి. ఒకే చార్టులో రెండు రకాల అంకెలూ ఉంటే గందరగోళం అంటారు కొందరు. పిల్లాడు బస్సు మీద, నోటు మీద, ఫోన్ మీద చూసేవి వేరు అంకెలే కదా. దాస్తే గందరగోళం పోదు.

---

పలక_బలపం:

పై ఇద్దరూ బాగానే చెప్పారు గాని అసలు సంగతి దాటేశారు. ఇద్దరు టీచర్లు, అయిదు తరగతులు. విద్యాహక్కు చట్టం లెక్కలో 60 మంది దాకా ఇద్దరే, కాబట్టి మూడో మనిషి రాడు. ఇలాంటి బడిలో టీవీ ఎందుకు పెడతారో అందరికీ తెలుసు: ఒక గుంపును దాని ముందు కూచోబెట్టి రెండో గుంపుతో పని చేసుకోవడానికి, లేదా రిజిస్టర్లు నింపుకోవడానికి. ఆ పేజీలో "సాంకేతికతతో ఆనందదాయక అభ్యసనం" అని రాస్తారు, జరిగేది పిల్లల్ని కాయడం. టీవీని నెల రోజులు బట్ట కప్పి ఉంచమని నా సలహా. ముందు ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో కనుక్కోండి.

ఎలాగంటే, 3, 4, 5 తరగతుల్ని తరగతి చూడకుండా చదివించి చూడండి: అక్షరం, మాట, పేరా, కథ. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. అక్షరాల దగ్గర ఆగినవాళ్లు, మాటల దగ్గర ఆగినవాళ్లు, పేరా పైన ఉన్నవాళ్లు, మూడు గుంపులు. రోజూ ఒక గంట ఈ గుంపుల్లో కూచోబెట్టండి, అయిదో తరగతివాడు అక్షరాల గుంపులో ఉన్నా సరే. వాడికి సిగ్గనిపించకుండా గుంపులకి వంశధార, మహేంద్రగిరి అని పేర్లు పెట్టుకోండి, నంబర్లు మాత్రం వద్దు. నెలకోసారి మళ్లీ చూసి మార్చండి. మార్చకపోతే అదే శాశ్వత కులమైపోతుంది, అక్షరాల గుంపు ఏడాదంతా అక్షరాల గుంపే.

మీ నాలుగో నమ్మకం గురించి: టెక్నాలజీ ఎవర్నీ ఒక మెట్టు మీదకి తేదు. ఇంట్లో ఫోన్ ఉన్న పిల్ల టాబ్లెట్ ముందు లాక్కుంటుంది, లేని పిల్ల వెనక నిలబడి చూస్తుంది. ఒడియా వచ్చిన 14 మందికి వీడియో అర్థమవుతుంది, సవర పిల్లలకి అది బొమ్మల శబ్దం. ఉన్న తేడాని పెంచుతుంది. ఇది రాయండి ఆ పేజీలో, ధైర్యముంటే.

---

మహేంద్రతనయ:

పలక_బలపం గారూ, బట్ట కప్పడం వరకు ఒప్పుకోను. గుంపుల సంగతి నూటికి నూరుపాళ్లు సరే. కాని టీవీకి చూపించే పని ఒక్కటే ఉందనుకుంటున్నారు. సరిహద్దు బడిలో కన్ను కన్నా చెవికి ఆకలి ఎక్కువ. తెలుగు ఇంట్లో పుట్టిన పిల్ల రోజుకి ఎంతసేపు ఒడియా వింటుంది? టీచరు మాట్లాడినంతసేపే. ఆ టీచరుదీ తెలుగు గొంతే అయితే అదీ లేదు. ఉన్న యంత్రాలన్నిటినీ వినిపించడానికీ, పిల్లల మాట రికార్డు చెయ్యడానికీ వాడండి, చూపించడం తర్వాత. ఇదే నేను ఆ పేజీలో రాయమనేది.

ఎక్కడ చెవి తప్పుతుందో చెప్తాను. ఒడియాలో హల్లులో కలిసివచ్చే అచ్చు మన అకారం కాదు, ఒకారానికి దగ్గర. ఇల్లు అన్న మాట రాసేటప్పుడు రెండు ఉత్త అక్షరాలే, పలికేది "ఘొరొ". తెలుగు పిల్లకి ఒకారం వినబడితే గుర్తు పెట్టాలని ఇంటి అలవాటు. కాబట్టి రెండు అక్షరాలకీ ఓకారం గుర్తు తగిలిస్తుంది. ఎర్ర సిరాతో కొట్టేస్తే లాభం లేదు. "ఉత్త అక్షరంలోనే ఆ శబ్దం దాగి ఉంది, గుర్తు పెడితే వేరే మాట అవుతుంది" అని జతలుగా వినిపించాలి. రెండోది ధ, భ లాంటి ఒత్తక్షరాలు. మన మాటల్లో ఒత్తు పలకడం ఎంతో కొంత జారిపోతుంది. ఒడియాలో "ధానొ" అంటే వడ్లు, "దానొ" అంటే దానం. అరచెయ్యి నోటి ముందు పెట్టుకోమనండి, "ధా" అన్నప్పుడు గాలి తగలాలి. సన్నని కాగితం ముక్క అయితే ఇంకా బాగా కనబడుతుంది, ఎగురుతుంది.

రికార్డింగు ఇలా. నెలకోసారి, రెండో తరగతి నుంచి పైవాళ్లవి, ఒక్కొక్కరికీ ఒక్క నిమిషం. అదే పేరా అందరికీ, పిల్లలు ముందు చూడనిది. ఫోన్‌లో మామూలు రికార్డరు చాలు, ఏ యాప్ అక్కర్లేదు. ఫోన్ నోటికి ఒక జానెడు దూరంలో, గుడ్డ మీద పెట్టండి. ఉత్త బల్ల మీద పెడితే కాలు తగిలిన ప్రతి చప్పుడూ దిగుతుంది. ఫైలు పేరు రోల్ నంబరు, నెల. తర్వాత విని, సరిగ్గా చదివిన మాటలు మాత్రం లెక్కపెట్టండి. చిన్న తరగతుల చదువు, లెక్కల కోసం కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ పథకం లక్ష్యం రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడో తరగతికి కనీసం 60, అర్థం చేసుకుంటూ. వేగం ఒక్కటే చూస్తే పిల్లలు గుర్రాల్లా పరిగెడతారు. చదివాక రెండు ప్రశ్నలు అడగండి, జవాబు తెలుగులో చెప్పినా అర్థమైనట్టే లెక్క. మొదటి నెల రికార్డింగూ మూడో నెల రికార్డింగూ పక్కపక్కన ఆ పిల్లకే వినిపించండి. పేరెంట్స్ మీటింగులో తండ్రికి కూడా, అదీ విడిగా.

ఆ గొంతులు, ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది. చట్టం లేకపోయినా, తడబడుతూ చదివిన పిల్ల గొంతు ఊరంతా తిరగడం బాగుండదు.

---

ఇన్వర్టర్_బాబాయ్:

బోధన మీది, నాకు తెలిసింది తీగలు. టీవీ వాడతారో బట్ట కప్పుతారో మీ ఇష్టం, వాడితే ఇవి చూసుకోండి.

బ్యాటరీ మీద ఏం రాసుందో చూడండి. 12 వోల్టులు 150 ఆంపియర్ అవర్ అయితే కాగితం మీద 1800 వాట్ అవర్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కన్నా కిందకి దింపితే ఆయుష్షు తగ్గుతుంది, కాబట్టి 900. ఇన్వర్టర్ తినేది పోగా సుమారు 700 చేతికొస్తుంది. 43 అంగుళాల టీవీ 80 వాట్లు, పాత ఫ్యాన్లు రెండు 150. మొత్తం 230. మూడు గంటలు. ఫ్యాన్లు ఆపి టీవీ ఒక్కటే అయితే ఎనిమిది గంటలకి పైనే. అన్నం వండేచోట మిక్సీ దాని మీద పెట్టారో, ట్రిప్ అయి టీవీ కూడా పోతుంది. డిస్టిల్డ్ వాటర్ రెండు మూడు నెలలకోసారి చూడండి, ఎండాకాలం ఇంకా ముందే. బోరు నీళ్లు పొయ్యొద్దు, ఖనిజాలు ప్లేట్ల మీద పేరుకుంటాయి.

43 అంగుళాల తెర ఎత్తు 53 సెంటీమీటర్లే. చదవాల్సిన అక్షరాలున్నప్పుడు చివరి పిల్ల తెర ఎత్తుకి ఆరు రెట్ల దూరంలోపు ఉండాలి, అంటే మూడు మీటర్ల చిల్లర. 52 మంది అందులో పట్టరు. పాతిక మంది చొప్పున రెండు విడతలు చెయ్యండి, చాప మీద అర్ధచంద్రాకారంగా. అక్షరం తెర మీద కనీసం 4 సెంటీమీటర్లుండాలి. ఒడియాకైనా తెలుగుకైనా గుర్తులు పైన, కింద, పక్కన వస్తాయి కాబట్టి ఒక తెరకి నాలుగు వరసలు దాటించకండి. నేల మీద కూచున్న పిల్లల కళ్లు రెండు అడుగుల ఎత్తులో ఉంటాయి. టీవీ కింది అంచు మూడున్నర అడుగులకి మించితే మెడలు నొప్పి. చాలాచోట్ల దొంగల భయంతో ఆరడుగుల మీద బిగిస్తారు. అలా ఉంటే పిల్లల్ని వెనక్కి జరపాలి, జరిపితే అక్షరం కనబడదు. అప్పుడు దాన్ని వినడానికే ఉంచుకోండి. కిటికీకి ఎదురుగోడన పెడితే తెరలో కిటికీయే కనబడుతుంది.

శబ్దం: టీవీ స్పీకర్లు వెనక్కో కిందకో తిరిగి ఉంటాయి. రేకుల కప్పు మీద వాన పడితే ఏమీ వినబడదు. ఒత్తు శబ్దాలు తేడా తెలియాలన్నారు కదా పైన, అయితే చిన్న తీగ స్పీకర్ జత కొని పిల్లల మధ్య పెట్టండి. బ్లూటూత్ వద్దు, ఛార్జింగ్ ఒక గొడవ, జత కుదరడం ఇంకో గొడవ.

వీడియోలు సిగ్నల్ ఉన్నచోట దించుకుని తెచ్చుకోండి. ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షాలో పాఠ్యపుస్తకం క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఫోన్‌లోనే దాచుకోవచ్చు. కొన్ని యూట్యూబ్‌కి లింకై ఉంటాయి, అవి యాప్‌లో దిగవు, ముందే చూసుకోండి. పెన్‌డ్రైవ్ అయితే ఫ్యాట్32 ఫార్మాట్, దాదాపు అన్ని టీవీలూ చదువుతాయి. ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. ఎంపీ4, హెచ్.264 రకం వీడియో పెట్టండి. కొత్త ఫోన్లు తీసే హెచ్.265 పాత టీవీల్లో శబ్దం వచ్చి బొమ్మ రాదు. పిల్లల ముందు అప్పుడు తెలియడం కన్నా ముందురోజు పూర్తిగా నడిపి చూడడం మేలు.

ఒడియా వర్క్‌షీట్లు ఎవరైనా పంపితే తెరిచేసరికి పిచ్చి గుర్తులు కనబడతాయి. ఆకృతి అనే పాత ఫాంటులో టైపు చేసినవి అవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అంతే. పంపినవాళ్లనే పీడీఎఫ్ చేసి పంపమనండి. మీరు కొత్తగా టైపు చేసేవి యూనికోడ్‌లో చెయ్యండి. విండోస్‌లో నిర్మలా యూఐ ఫాంటు ఒడియా, తెలుగు రెండిటికీ పనిచేస్తుంది.

ఉరుములొస్తే ప్లగ్గు పీకండి. స్విచ్చి ఆపితే చాలదు. డిష్ తీగ ఉంటే అదీ పీకండి, పిడుగు దాని గుండానూ దిగుతుంది. టీవీ పోతే బిల్లు పాస్ అయ్యేసరికి ఆ పిల్లలు హైస్కూలుకి వెళ్లిపోతారు.

---

పలక_బలపం:

మహేంద్రతనయ గారూ, చెవి మాట ఒప్పుకున్నాను. బట్ట తీసేస్తున్నాను, సగం. ఒక షరతు: టీవీ ఆన్‌లో ఉన్న గుంపు దగ్గర టీచరు ఉండాలి. రెండో గుంపుకి చేతిపని ఇవ్వండి, మొన్న నేర్చుకున్నది, కొత్తది కాదు. కొత్త పని ఇస్తే అయిదు నిమిషాలకోసారి ఒకడు లేచి వస్తాడు. చట్టం లెక్కన ఏడాదికి 200 రోజులు, 800 గంటలు, అంటే రోజుకి నాలుగు గంటలు. ఒక్కో గుంపుకి రోజూ 20 నిమిషాల తెర అంటే పన్నెండో వంతు. అంతకు మించనివ్వకండి.

టాబ్లెట్ ఒక్కటే కాబట్టి 52 మందికి పంచడం మానుకోండి. వారానికి 150 నిమిషాలు వాడినా ఒక్కొక్కరి వంతు మూడు నిమిషాల లోపే. దాన్ని అక్షరాల గుంపులో ఉన్న ఎనిమిదో పదో మందికి మాత్రం ఇవ్వండి, ఇద్దరికి ఒకసారి.

---

గురుమా_కాశీనగర్:

అందరికీ చేతులెత్తి దండం. మూడు, నాలుగు కొట్టేశాను. పేజీ ఇలా మొదలెట్టాను, చూడండి:

"పిల్ల ఇంటిభాషలో అర్థం చేసుకున్నదాన్ని బడిభాషలో వినాలి, అనాలి, ఆ తర్వాతే రాయాలి. నా తరగతిలో యంత్రం పని ముందు వినిపించడం, పిల్ల మాటని దాచి తిరిగి ఆ పిల్లకే వినిపించడం. తెర ఆపాక పలక మీద ఏమీ రాకపోతే ఆ వీడియో పాఠం కాదు. ఏ నెలకా నెల ఏ గుంపులో ఎవరు కదలలేదో రాసుకుంటాను. యంత్రం వాడిన గంటలు రాసుకోను."

ఒక్క సందేహం మిగిలింది. సవర పిల్లలు ఏడుగురు. నాకు సవర రాదు, రెండో టీచరుకీ రాదు. పైన చెప్పిన "ముందు ఇంటిభాషలో" అన్నది వాళ్ల దగ్గర ఎలా?

---

మహేంద్రతనయ:

చివరి వాక్యం బాగుంది. ఆఫీసులో అడిగేది యంత్రం వాడిన గంటలే అనుకోండి, అయినా ఉంచండి.

సవర సంగతి. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు వందేళ్ల కిందటే సవర నేర్చుకుని, సవర పిల్లలకి సవరలోనే పాఠాలు తయారుచేశారు. మనకి అంత ఓపిక లేకపోయినా ఇరవై మాటలు నేర్చుకునే ఓపిక ఉండొచ్చు. ఒడిశాలో బహుభాషా విద్య కింద సవరలో మొదటి తరగతుల పుస్తకాలున్నాయి. మీ బడి ఆ జాబితాలో లేకపోయినా క్లస్టర్ కోఆర్డినేటరుని అడిగి ఒక కాపీ తెచ్చుకోండి.

పుస్తకం వచ్చేలోగా మనుషుల్ని చూడండి. మధ్యాహ్న భోజనం వండేవాళ్లలోనో, పిల్లల్ని దింపే నాయనమ్మల్లోనో సవర, తెలుగు రెండూ వచ్చినవాళ్లు ఒకరు ఉంటారు. ముందు మాటలు కాదు, తరగతిలో రోజూ అనే వాక్యాలు అడగండి: ఇలా రా, మళ్లీ చెప్పు, ఇది ఏమిటి, ఎన్ని ఉన్నాయి, నీకు తెలుసా, పక్కవాడికి చెప్పు. ఒక పది. తర్వాత ఆ వారం పాఠంలో వచ్చే వస్తువుల పేర్లు పది. ఒక్కోటి రెండుసార్లు ఫోన్‌లో రికార్డు చేయించుకోండి, మెల్లగా ఒకసారి, ఇంట్లో అన్నట్టు ఒకసారి. తెలుగు లిపిలో పక్కన రాసుకోండి గాని లిపిని నమ్మకండి, సవరలో మన అక్షరాలకి అందని శబ్దాలున్నాయి, మాట మధ్యలో గొంతు ఆపి వదలడంలాంటివి. రికార్డింగునే నమ్మండి.

ఆ ఏడుగుర్నీ ఏడు జతల్లోకి విడగొట్టకండి. జతలో మాట్లాడుకోమన్నప్పుడు సవర పిల్లకి సవర పిల్ల జత, ఏడో పిల్లని కలిపి ముగ్గురొక చోట. తరగతికి చెప్పాల్సొచ్చినప్పుడు మాత్రం తెలుగు పిల్లల పక్కకి.

రికార్డు చేసే ముందు ఆ అమ్మని అడగండి, వంట పని అయ్యాక, కూచోబెట్టి. అయ్యాక ఆమెకే వినిపించండి. ఆ తర్వాత మీరు అని చూపించండి. పిల్లల కన్నా ముందు ఆమే నవ్వుతుంది, ఎక్కడ నవ్విందో అక్కడే మీ శబ్దం తప్పింది.